సంరక్షిత నీడ

మా కంచరి వీధికి ఈ వేసవిలో పట్టిన భాగ్యం పగవాడికి కూడా పట్టకూడదు. ముందే చెప్పేస్తున్నాను, నాకు నగరపాలక సంస్థ మీద కోపం ఏమీ లేదు. వాళ్ళు మాకు మేలు చేశారు. మేలు చేస్తామని బయలుదేరినవాళ్ళ చేతిలోంచి తప్పించుకోవడం ఎంత కష్టమో ఈ వేసవిలో నాకు బాగా తెలిసొచ్చింది, అంతే.

మా వీధి సంగతి తెలియనివారికి కాస్త చెప్పాలి. పాత ఊళ్ళో ఇరుకు వీధి మాది. రెండువైపులా ఇత్తడి, రాగి సామాన్ల కొట్లు, కొట్ల వెనక కొలుములు, పైన ఇళ్ళు. వేసవి వచ్చిందంటే బయట ఎండ, లోపల కొలిమి. ఈ రెండింటి మధ్య మా తాతలు ఎలా బతికారయ్యా అంటే, పందిరి వేసుకుని బతికారు. ఉగాది దాటగానే వీధి పొడవునా ఈ మేడకీ ఆ మేడకీ వెదురుబొంగులు కట్టి పైన తాటాకు పరిచేవాళ్ళం. వీధి రెండు చివర్లా వట్టివేళ్ళ తడికలు కట్టేవాళ్ళం. ఎండ నడినెత్తికి రాగానే పై అంతస్తుల్లోని ఆడవాళ్ళు ఇంటికొక రోజు చొప్పున బిందెలతో పందిరి మీదా తడికల మీదా నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. దాన్ని మేము తడి వంతు అంటాం. ఎవరైనా వంతు మరిచిపోతే ఎదురింటివాళ్ళు కిటికీలోంచి పేరు పెట్టి పిలిచి మరీ కడిగేస్తారు. ఇక ఆ తడిసిన ఆకు కింద నులకమంచాలు, చాపలు, కుండలో మజ్జిగ, గ్లాసుల్లో సబ్జా నీళ్ళు. ఊరంతా మాడిపోతుంటే మా వీధి మాత్రం గుర్రు పెట్టేది.

తొలకరి పడగానే పందిరి విప్పి ఆ ఆకు పొయ్యిలో పెట్టుకునేవాళ్ళం. అంటే మా పందిరి వయసు ఎప్పుడూ వేసవి దాటలేదు. ఈ సంగతి మాకు తెలుసు. ప్రభుత్వానికి తెలియదు.

మా మేనత్త మాణిక్యాంబ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవంతా చివరికి ఆవిడ ప్రాణం మీదికే వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మామయ్య పోయిన దగ్గర్నుంచి నా దగ్గరే, కొట్టు పైనున్న రేకుల గదిలో ఉంటుంది. పొద్దెక్కేసరికి ఆ గది పెనం అయిపోతుంది. ఫ్యాను వేస్తే కొలిమి తిత్తి ఊదినట్టు వేడిగాలి కొడుతుంది. అందుకని రోజూ అన్నం తినగానే కిందికి దిగొచ్చి, నా కొట్టు ముందు, పందిరి కింద, పాత చెక్క కుర్చీలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటూ నిద్రపోతుంది. గుండె బలహీనంగా ఉంది, వేడి తగలనిస్తే నా పూచీ లేదు అని డాక్టరు గారు నాతో తెగేసి చెప్పారు. కాబట్టి ఆ నీడ ఉంటే మా అత్త ఉంటుంది, లేకపోతే లేదు. ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు.

ఇంతలో మా కమిషనర్ గారు ఎండల గురించి ఏదో చల్లటి దేశంలో జరిగిన సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ మంచు కురుస్తుంటే కంబళ్ళు కప్పుకుని ఎండని ఎలా తట్టుకోవాలో చర్చించారట. పూర్వం జనం ఏసీలు లేకుండా ఎలా బతికారో పరిశోధించాలి, ఆ విధానాలని కాపాడాలి అని తీర్మానించారట. కమిషనర్ గారు దిగీ దిగగానే వేసవి వారసత్వ విభాగం అని ఒకటి పెట్టి, దానికి విశ్వపతిరావు గారిని సంచాలకులుగా వేశారు. ఆయన అంతకుముందు వీధి దీపాలు చూసేవారు. అక్కడ ఆయన చూసిన దీపం ఏదీ వెలగలేదని గిట్టనివాళ్ళు అంటారు.

విశ్వపతిరావు గారు మొదటిసారి మా వీధికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కారు దిగి, చెమట తుడుచుకుంటూ పందిరి కిందికి వచ్చి, పైకి చూసి, రెండు చేతులూ జోడించారు.

"ఆహా! దీన్ని మీరు పందిరి అంటున్నారా? ఇది పందిరి కాదండీ. సామూహిక ఉష్ణ నివారణ ప్రజ్ఞ! తరతరాల వాతావరణ సమన్వయ చైతన్యం!"

అత్త ఒక కన్ను తెరిచింది. "ఏమిట్రా లింగా, ఎవరికేమైంది?"

"ఏం కాలేదత్తా. పందిరి బాగుందంటున్నారు."

"ఆ మాటకి అంత ఆయాసపడాలా? మజ్జిగ పొయ్యి, పాపం."

ఆయన మజ్జిగ తాగారు. రెండో గ్లాసు అడిగి తాగారు. కాసేపు మా మంచం మీద నడుం కూడా వాల్చారు. లేచేసరికి ఆయన ముఖంలో ఒక కాంతి కనబడింది. ఆ కాంతి చూసినప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది.

"దీన్ని కాపాడాలి," అన్నారు.

"మేము కాపాడుకుంటూనే ఉన్నామండీ," అన్నాను.

"మీరు వాడుకుంటున్నారు. కాపాడటం వేరు, వాడుకోవడం వేరు."

వారం తిరక్కుండా పెద్ద సభ పెట్టారు. మా వీధి పందిరి నీడని సంరక్షిత నీడగా ప్రకటించారు. మా అందరికీ సన్మానం చేశారు. నడివేసవిలో, మిట్టమధ్యాహ్నం, ఒక్కొక్కరికీ ఉన్ని శాలువా కప్పారు. అత్తకి రెండు కప్పారు, పెద్దావిడని. ఆవిడ శాలువాల్లోంచి తల బయటికి పెట్టి, "ఇవి తీసెయ్యరా నాయనా, చచ్చిపోతాను," అంటే, అది ఆనందం పట్టలేక అన్న మాట అని మర్నాడు పేపర్లో వచ్చింది.

ఆ తర్వాత బోర్డు దిగింది. దాని మీద రాసింది ఇది: సంరక్షిత నీడలో ప్రవేశం నిషిద్ధం. కూర్చొనుట, పడుకొనుట, ఆనుకొనుట, విసురుకొనుట నేరము. పందిరి మీద నీరు పోయరాదు. ఆకు మార్చరాదు. వీధిలో ప్రాచీన వాతావరణమునకు భంగము కలిగించు ఏసీలు, కూలర్లు ఉంచరాదు.

నేను చదివి, మళ్ళీ చదివి, విశ్వపతిరావు గారి ఆఫీసుకి పరుగెత్తాను. ఆయన గది గడ్డకట్టుకుపోయేంత చల్లగా ఉంది.

"అయ్యా, నీడ ఉన్నది కూర్చోవడానికే కదా," అన్నాను.

"అది సామాన్య దృష్టి. శాస్త్రీయంగా ఆలోచించండి. మనిషి ఒంట్లో వేడి ఉంటుందా?"

"ఉంటుందండీ."

"ఆ వేడిని తీసుకెళ్ళి నీడలో పెడితే నీడ వేడెక్కుతుందా, లేదా? రోజూ ఇంతమంది కూర్చుంటే కొన్నేళ్ళకి నీడలో చల్లదనం అరిగిపోదూ? మన మనవలకి ఏం మిగులుతుంది?"

"మరి నీళ్ళు పోయకపోతే ఎలాగండీ? ఆకు ఎండి రాలిపోతుంది."

"నీళ్ళా! వారసత్వ సంపదకి ప్రథమ శత్రువు తేమ. ఏ పుస్తకంలోనైనా చూడండి." ఆయన చొక్కా పైన కోటు వేసుకున్నారు. "ఏసీ ఆఫ్ చేద్దామంటే ఫైళ్ళు పాడవుతాయి," అని నాకు సంజాయిషీ కూడా ఇచ్చారు.

నీడని కాపాడాలంటే అది ఎక్కడుందో తెలియాలి కదా. సున్నం గీత గీశారు, గీత వెంట గుంజలు పాతి పచ్చతాడు కట్టారు. కాపలాకి ఎర్రన్న అనే మనిషిని పెట్టారు. శ్రీకాకుళం నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన మంచివాడు. పొద్దున తాడు కట్టి వెళ్ళిన ఇంజినీరు గారు సాయంత్రం వచ్చి చూసి గావుకేక పెట్టారు. నీడ తాడు దాటి పది అడుగులు అవతలికి పోయింది!

"ఎవరు జరిపారు దీన్ని?"

"ఎవులూ జరపనేదు బాబూ," అన్నాడు ఎర్రన్న. "పొద్దు వాలింది, నీడ ఎల్లిపోనాది. నానేటి సెయ్యగలను?"

"కాపలాకి పెట్టింది ఎందుకయ్యా నిన్ను?"

పాపం, ఎర్రన్నకి ఆ పూట జీతం కోశారు. ఆ తర్వాత విభాగం వారు కూర్చుని ఆలోచించి, సూర్యుడిని ఆపే అధికారం తమ పరిధిలో లేదని గ్రహించి, నీడ అనుసరణ దళం అని ఒకటి ఏర్పాటు చేశారు. నలుగురు మనుషులు. ఇద్దరు గుంజలు పీకాలి, ఇద్దరు పాతాలి. సూర్యుడు పశ్చిమానికి జరిగేకొద్దీ వీళ్ళు తాడు తూర్పుకి జరుపుతారు. మబ్బు పట్టి నీడ మాయమైతే పైఅధికారికి ఫోను చేసి, నీడ కనబడుట లేదు అని చెప్పాలి. మబ్బు విడిచాక మళ్ళీ ఫోను చేసి, దొరికింది అని చెప్పాలి. ఆ నలుగురూ పొద్దస్తమానం ఎండలో గునపాలు పట్టుకుని నీడ వెంట పరుగులు పెడుతుంటే చూడలేక మేమే మంచినీళ్ళిచ్చేవాళ్ళం. వాళ్ళు కూడా నీడలోకి రాకూడదు మరి.

సాయంత్రమయ్యేసరికి నీడ నా కొట్టులోకి వచ్చేది. వస్తే నా కొట్టు సంరక్షిత మండలం అయిపోయేది. దళం వాళ్ళు, "ఏమనుకోకండి సోమలింగం గారూ," అంటూ తాడు పట్టుకుని లోపలికి వచ్చి, నన్నూ నా గిరాకీనీ బయటికి పంపేసేవాళ్ళు. బిందె బేరమాడుతున్న ఆడమనిషిని సగం బేరంలో లేపేశారు ఒకసారి. ఆవిడ పోతూ పోతూ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఇవన్నీ నేను నవ్వుకుంటూ భరించేవాణ్ణే. కానీ అత్త ఉంది కదా!

బోర్డు పెట్టిన మొదటి రోజు ఆవిడ అలవాటు ప్రకారం అన్నం తిని, విసనకర్ర పట్టుకుని దిగొచ్చింది. తాడు దగ్గర ఎర్రన్న అడ్డం నిలబడ్డాడు.

"అమ్మమ్మా, లోపలికి రాకూడదంట."

"ఎవరన్నారు?"

"ఆపీసోలు."

"వాళ్ళు పుట్టకముందు నుంచి ఇక్కడ కూర్చుంటున్నాన్రా నేను. తప్పుకో."

"అమ్మమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను. నాను పెళ్ళాం పిల్లలున్నోణ్ణి."

అత్త అతని ముఖం చూసింది. వెనక్కి తిరిగి మెట్లెక్కి రేకుల గదిలోకి పోయింది. నేను తడిబట్ట గుమ్మానికి కట్టాను. అది ఇలా కడితే అలా ఆరిపోయింది. నేల మీద నీళ్ళు చల్లాను, ఆవిరి లేచింది. కొట్టు వెనక పడుకోబెడదామంటే అక్కడ కొలిమి. కూలర్ కొనుక్కొచ్చాను. ప్రాచీన వాతావరణమునకు భంగం అని ఎత్తుకుపోయారు.

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను. ఈసారి నాకు కోపం ఆగలేదు. "అయ్యా, ముసలి మనిషి ఉడికిపోతోంది. ఆవిడ ఒక్కర్తినైనా కూర్చోనివ్వండి," అని బల్ల మీద గుద్ది మరీ అడిగాను.

విశ్వపతిరావు గారు నొచ్చుకున్నారు. "మీరు భావోద్వేగంతో మాట్లాడుతున్నారు. మన పూర్వీకులు ఏసీ, కూలర్ ఏమీ లేకుండా ఎలా తట్టుకున్నారు?"

"నీడలో కూర్చుని తట్టుకున్నారండీ!"

"అదే కదా మేము కాపాడుతున్నది," అన్నారు ఆయన ప్రశాంతంగా. నేను లేచి వచ్చేస్తుంటే నా చేతికి ఒక రంగురంగుల కరపత్రం ఇచ్చారు. వడదెబ్బ నుంచి రక్షించుకొనుటకు నీడపట్టున ఉండవలెను అని అందులో పెద్దక్షరాలతో వేసి ఉంది.

నీళ్ళు లేక పందిరి ఎండిపోయింది. ఆకు చిట్లి రాలడం మొదలుపెట్టింది. నీడలో చిల్లులు పడ్డాయి. చిల్లుల్లోంచి పడే ఎండని ఏమనాలో విభాగం వారికి తోచలేదు. అది సంరక్షిత నీడలో అక్రమ ప్రవేశం చేసిన వెలుగు అని తేల్చి, దాని చుట్టూ చిన్న చిన్న ఎర్రతాళ్ళు కట్టారు. ఆ నీడకి టికెట్టు కూడా పెట్టారు గానీ, చూడవచ్చిన జనం మటుకు పెదవి విరిచారు. ఖాళీ నీడలో చూడటానికి ఏముంది? టికెట్టు కొని వచ్చిన ఒకాయన, "ఇంతేనా? మా ఇంటి వెనక దీనికంటే మంచి నీడ ఉంది," అని గొడవ పెట్టుకున్నాడు.

అప్పుడు విశ్వపతిరావు గారికి ఇంకో ఆలోచన వచ్చింది. నీడకి జీవకళ కావాలి. జీవకళ అంటే మనుషులు. మనుషులు నిషిద్ధం. కాబట్టి బొమ్మలు!

ఫైబర్ బొమ్మలు లారీలో దిగాయి. మంచం మీద పడుకున్న మనిషి ఒకటి, మజ్జిగ పోస్తున్న మనిషి ఒకటి, చెక్క కుర్చీలో విసనకర్ర పట్టుకుని కునుకు తీస్తున్న ముసలమ్మ ఒకటి. ఆ ముసలమ్మని చూసి వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది. అచ్చం మా అత్తే. సన్మానం రోజున తీసిన ఫోటో ఇచ్చి చేయించారట. ముక్కుపుడక సహా దించేశాడు ఆ బొమ్మ చేసిన మహానుభావుడు. దాన్ని తెచ్చి సరిగ్గా నా కొట్టు ముందు, మా అత్త కూర్చునే చోటే, ఆవిడ కుర్చీలోనే పెట్టారు. మజ్జిగ బొమ్మకి చోటు కావాలని నిజం మజ్జిగ అమ్మే సత్తెమ్మని వీధి చివరికి తోలేశారు.

అత్త పై నుంచి కిటికీలోంచి తొంగి చూసింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"లింగా, అదెవర్రా నా కుర్చీలో?"

"నువ్వే అత్తా."

"బాగానే ఉందిలే దాని పని," అని లోపలికి పోయింది.

బొమ్మలు దిగిన మూడో రోజున ఆవిడ మెట్ల మీద కూలబడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. అంబులెన్సుకి ఫోను చేస్తే, వారసత్వ వీధిలోకి పెట్రోలు బండి రాకూడదని చివర్లో ఆగిపోయింది. డాక్టరు గారే నడుచుకుంటూ వచ్చి చూశారు. నా చెవిలో, "ఇంకొక్క మధ్యాహ్నం ఆ గదిలో ఉంచారంటే దక్కదండీ. చల్లటి చోటుకి మార్చండి, ఇప్పుడే," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండకి కాదు. తాడు పైకెత్తి లోపలికి వెళ్ళాను, ఆ ఫైబర్ ముసలమ్మని రెండు చేతుల్తో ఎత్తి నా కొట్టు వెనక పాత ఇత్తడి తుక్కులో పడేశాను. అత్తని మోసుకొచ్చి ఆవిడ కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టాను. తడిగుడ్డ నెత్తిన వేశాను, సబ్జా నీళ్ళు తాగించాను. వీధిలో వాళ్ళంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. పై అంతస్తు ఆడవాళ్ళు ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరి వంతో కూడా చూసుకోలేదు. అన్ని మేడల మీంచీ ఒక్కసారిగా బిందెలు బోర్లించారు. ఎండిన ఆకు మీద నీళ్ళు పడి ఆ వాసన లేచేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఎర్రన్న పరుగెత్తుకొచ్చాడు. అత్తనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"చెప్పుకో పో, ఎవరికి చెప్పుకుంటావో," అన్నాను.

అతను గొంతు తగ్గించాడు. "ఏటి సెప్పమంతారు బాబూ? లోపల మనిసి ఉన్నాదని సెప్తే, ఎలాగెల్లింది అని నన్నడుగుతారు. బొమ్మ ఉన్నాదని సెప్తే నన్నేటీ అడగరు. నాకు కనపడ్డది బొమ్మే."

ఆ విధంగా మా అత్త బొమ్మగా చలామణీ అవడం మొదలుపెట్టింది. పొద్దున జనం రాకముందు దింపడం, సాయంత్రం పైకి ఎక్కించడం. మధ్యలో ఆవిడ ఎలాగూ నిద్రపోయేదే కనుక కొత్తగా నటించాల్సింది ఏమీ లేదు. ఒళ్ళు చల్లబడింది, ముఖంలో రక్తం మామూలుకొచ్చింది. చూడవచ్చినవాళ్ళు ఆవిడ పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. "ఎంత సహజంగా చేశారో!" అని మెచ్చుకునేవాళ్ళు.

అలా మెచ్చుకోలు పైకి పాకి, కమిషనర్ గారే స్వయంగా తనిఖీకి వచ్చారు. వెంట విశ్వపతిరావు గారు, ఆ వెంట నీడ జరిగిందని కేకపెట్టిన ఇంజినీరు గారు. అత్తని తీసేద్దామంటే వ్యవధి లేదు. నేను కొట్టు గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

కమిషనర్ గారు అత్త ముందు ఆగారు. వంగి దగ్గరగా చూశారు.

"అద్భుతం. ఈ ముడతలు చూడండి."

"ముడతలు ఎన్ని ఉండాలో టెండరులోనే నిర్దేశించాం సార్," అన్నారు విశ్వపతిరావు గారు.

అత్త గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది.

"కదిలిందేమిటి?"

విశ్వపతిరావు గారు అత్త ముఖంలోకి చూశారు. ఆయన ఆవిడ పోయించిన మజ్జిగ రెండు గ్లాసులు తాగిన మనిషి. గుర్తుపట్టారని నాకు ఖాయంగా తెలిసిపోయింది. ఆయన ముఖం తెల్లబోయింది. మనిషి అంటే సంరక్షిత నీడలో ఆక్రమణ జరిగినట్టు. జరిగితే ఎవరో ఒకరు సంజాయిషీ ఇవ్వాలి. బొమ్మ అంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

"వ్యాకోచం సార్," అన్నారు. "ఫైబర్ కదా, ఎండకి కొంచెం ఉబ్బుతుంది, మళ్ళీ తగ్గుతుంది."

"నుదుటి మీద చెమట పట్టింది."

"సాంద్రీకరణ సార్. గాలిలోని తేమ."

అత్త ఖళ్ళుమని దగ్గింది. కమిషనర్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు. విశ్వపతిరావు గారు ఇంజినీరు గారి వైపు చూశారు.

"లోపల కీలు వదులైంది సార్," అన్నారు ఇంజినీరు గారు. "బిగించేస్తాం."

"ఒరేయ్ లింగా, కాసిని మంచినీళ్ళు," అంది అత్త, కళ్ళు తెరవకుండానే.

నా ప్రాణం పోయిందనుకున్నాను.

"ఇది మాట్లాడుతుంది కూడానా?" అన్నారు కమిషనర్ గారు.

"ధ్వని సదుపాయం సార్," అన్నారు విశ్వపతిరావు గారు. గొంతు మటుకు ఆయనకే వినబడనంత పీలగా వచ్చింది. "అదనపు ఖర్చు లేకుండా పెట్టించాం."

కమిషనర్ గారు మళ్ళీ వంగి అత్తని పరకాయించి చూశారు. ఆయన చదువుకున్న మనిషి, తెలివైనవాడు. ఆయనకి తెలిసిందో లేదో నేను చెప్పలేను. అంత తెలివైనవాళ్ళకి ఏది తెలియకూడదో కూడా తెలుస్తుంది. ఆయన ఒక్కసారిగా కోపంతో మండిపడ్డారు.

"బుద్ధుందా మీకెవరికైనా? ఊపిరి పీల్చే బొమ్మ, చెమట పట్టే బొమ్మ, మాట్లాడే బొమ్మ! ఇంత విలువైన దాన్ని తీసుకొచ్చి ఈ మండుటెండల్లో, ఈ చిల్లుల పందిరి కింద పడేస్తారా? పాడైపోతే ఎవరు బాధ్యులు? వెంటనే మన ప్రదర్శనశాలలో ఏసీ గదికి మార్చండి. రాత్రింబవళ్ళు చల్లగా ఉంచండి. కరెంటు పోకుండా జనరేటర్ పెట్టండి!"

"అయ్యా, ఆవిడ..." అని నేను నోరు తెరవబోయాను. ఎర్రన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఊరుకోండి బాబూ," అన్నాడు చెవిలో. "ఏసీ అంతన్నారు."

ఊరుకున్నాను. ఒక రోగిష్టి మనిషి కోసం రాని బండి, బొమ్మ కోసం వీధి మధ్య దాకా వచ్చింది. నీడ అనుసరణ దళం నలుగురూ గునపాలు పక్కన పడేసి, కుర్చీతో సహా ఆవిడని పువ్వులా ఎత్తారు. కుదుపు తగలకుండా చుట్టూ దూది దిండ్లు పెట్టారు. ఒక్క గీత పడినా ఉద్యోగాలుండవని ఇంజినీరు గారు పక్కన నడుస్తూ హెచ్చరించారు. ఎనభై ఏళ్ళలో మా అత్తని ఎవరూ అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. పట్టుకున్నది బొమ్మననుకుని! నవ్వాలనిపించింది, కానీ ఏడుపే వచ్చింది.

మర్నాడు టికెట్టు కొనుక్కుని ప్రదర్శనశాలకి వెళ్ళాను. చల్లటి పెద్ద హాలు. అద్దాల వెనక కుండలు, వట్టివేళ్ళ తడిక, పాత కాలపు పంకా. మధ్యలో ఎత్తయిన అరుగు మీద, మెత్తటి దిండేసిన కుర్చీలో మా అత్త. పక్కన అక్కడి కాపలా మనిషి భార్య తెచ్చిపెట్టిన పెరుగన్నం గిన్నె ఖాళీగా ఉంది. ముఖం తేటగా, హాయిగా ఉంది. ఎవరూ చూడకుండా అరుగెక్కి భుజం మీద చెయ్యి వేశాను.

"అత్తా, ఇంటికి పోదాం పద. నేను వాళ్ళతో మాట్లాడతాను. నువ్వు మనిషివని నలుగురిలోనూ చెబుతాను, ఏం చేస్తారో చూద్దాం."

అత్త పెదవులు మాత్రమే కదిపింది.

"నోరు ముయ్యరా. మనిషినని తెలిస్తే లేచి పొమ్మంటారు."